సుంకం మేడ మూడో స్తంభం

నలభై దాటి చెవుల పక్కన జుట్టు తెల్లబడుతున్నా ఇంట్లో ఆమె పేరు చిన్నారే. ఆఫీసులో మాత్రం మాస్కులమ్మ అనేవారు. ఎదురుగా అనేవారు కాదు. అలాగని ఆమె చెవిన పడనంత చాటుగానూ అనేవారు కాదు.

ఆ పేరెందుకొచ్చిందో చెప్పాలంటే ముందు ఆమె పనేమిటో చెప్పాలి. పాత కట్టడాలను ఫొటోల్లోంచి కొలిచే ఆఫీసు అది. ఫొటోగ్రామెట్రీ అంటారు. ఒక పాత వంతెననో, గంట గోపురాన్నో పట్టుకుని, దాని చుట్టూ తిరుగుతూ వేలకొద్దీ ఫొటోలు తీస్తారు. ఒక ఫొటోలో ఉన్నదాంట్లో సగానికి పైగా పక్క ఫొటోలోనూ పడాలి. ఒకే రాతి మూల పది ఫొటోల్లో పది వైపుల నుంచి కనబడితే, అది ఎక్కడుందో కంప్యూటరు లెక్క కట్టుకుంటుంది. అలా చుక్కా చుక్కా పోగుచేసుకుని చివరికి కట్టడం మొత్తాన్నీ అచ్చు గుద్దినట్టు తెరమీద నిలబెడుతుంది. ఎటు కావాలంటే అటు తిప్పి చూసుకోవచ్చు, ఏ పగులు ఎంత లోతో కొలుచుకోవచ్చు.

చిక్కల్లా మనుషులతోనే. నడిచిపోయేవాళ్ళతో పెద్ద బాధ లేదు. ఒక ఫొటోలో ఉండి ఇంకోదాంట్లో లేనివాళ్ళను కంప్యూటరు తనంతట తానే వదిలేస్తుంది. కదలకుండా కూర్చున్నవాళ్ళను మాత్రం రాయే అనుకుంటుంది. సగం భుజం, సగం చెంప కలిపి ముద్ద చేసి గోడకు అంటించేస్తుంది. ఆఫీసులో వాటికి దెయ్యాలని పేరు. దెయ్యాలను వదిలించడం చిన్నారి ఉద్యోగం. ఒక్కో ఫొటో తెరిచి, మనిషి చుట్టూ గీత గీసి, ఆ గీత లోపలున్నదాన్ని లెక్కలోకి తీసుకోవద్దని కంప్యూటరుకు చెప్పాలి. అలా కప్పేసిన ముక్కను మాస్కు అంటారు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి కళ్ళల్లో ఇసుక పోసినట్టు ఉండేది. కుడి భుజం రాయిలా బిగుసుకుపోయేది. ఇంటికొచ్చాక టీ గ్లాసు పట్టుకున్నా దాని అంచు వెంట వేలు దానంతట అదే గీత గీస్తున్నట్టు తిరిగేది.

పెళ్ళి ఒకటి జరిగి, తెగి, ఆమె పుట్టింటికి వచ్చేసి చాలా ఏళ్ళయింది. ఆ ఇంట్లో ఉండేది అమ్మ, అన్నయ్య, వదిన, తను. అన్నయ్య నీళ్ళ పంపుల స్టేషన్లో షిఫ్టుల మీద పనిచేస్తాడు, వచ్చిన పూట తిని మంచమెక్కుతాడు. వాళ్ళమ్మాయి వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. నోరు మాత్రం పడిపోలేదు. "నోరు కూడా పడిపోయుంటే ఈ ఇల్లు ఎప్పుడో తగలబడేది, నేను చూస్తున్నాను గనక నిలబడింది" అని ఆవిడే అంటుంది.

అమ్మను ఒత్తిగిల్లబెట్టడం, ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, తినిపించడం, రాత్రిళ్ళు రెండుమూడు సార్లు లేవడం, అన్నీ వదినే. చిన్నారి తన వంతుగా పొద్దున మందులు ఇచ్చి ఆఫీసుకు పోయేది. అంతకు మించి చేయడానికి ఒంట్లో ఓపిక లేదనుకునేది. నిజంగానే లేదు కూడా. ఓపిక లేనిది తనకొక్కదానికేనా అన్న ఆలోచన మాత్రం ఆమెకు ఎన్నడూ రాలేదు.

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక వదిన కుట్టుపని నేర్చుకునే క్లాసుకు వెళ్ళేది. ఆ కాసేపూ పక్కింటి పిన్నిగారు వచ్చి అమ్మ దగ్గర కూర్చునేది. అదొక్కటే అమ్మకు గిట్టేది కాదు.

"ఏళ్ళ తరబడి పోతోంది. ఒక్క దిండు గలీబు కుట్టిన పాపాన పోలేదు" అనేది. "ఏం క్లాసమ్మా అది? సూదిలో దారం ఎక్కించేసరికి ఏడాది పట్టిందా?"

వదిన నవ్వి ఊరుకునేది. చిన్నారి వినీ విననట్టు ఉండేది. వాళ్ళిద్దరి మధ్యకు దూరడం కంటే ఇంకో వంద దెయ్యాలను వదిలించడం నయమని ఆమెకు తెలుసు.

ఇలా ఉండగా సుంకం మేడ పని వచ్చింది. నది పక్కన, పాత బజారు చివర ఉంటుంది ఆ మేడ. ఒకప్పుడు పడవల మీద వచ్చిన సరుకుకు అక్కడ సుంకం వసూలు చేసేవారట. వరసగా రాతి స్తంభాలు, వాటి మీద కమానులు, ముందు వెడల్పాటి మెట్లు. పైకప్పు కారిపోతోందని, మరమ్మతు మొదలుపెట్టేముందు ఉన్నదున్నట్టు మోడలు చేసి ఇమ్మని ప్రభుత్వశాఖ వాళ్ళు అడిగారు. కెమెరా పని చేసే పొడుగాయన వెళ్ళి ఫొటోలు తీసుకొచ్చాడు. మెట్ల వైపు తూర్పు ముఖం కాబట్టి మధ్యాహ్నం దాటాకే తీశాడు. అప్పుడైతే ఎండ వెనక్కి పోయి ఆ వైపంతా ఒకే తీరు నీడ పరుచుకుంటుంది, రాతి మీద చెక్కడాలు సమంగా పడతాయి. ఒక్కరోజులో అయ్యే పని కాదు కాబట్టి వరసగా చాలా మధ్యాహ్నాలు వెళ్ళాడు.

మొదటి మోడలు తయారైనప్పుడు ఆఫీసు నడిపే పెద్దాయన వచ్చి చిన్నారి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఆ మూడో స్తంభానికేంటమ్మా, కణితి లేచింది?"

"దెయ్యం సార్. ఎవరో కూర్చున్నారు. తీసేస్తాను."

"ఒక్కరోజు కూర్చుంటే అంత గట్టిగా రాదే. రోజూ వచ్చారన్నమాట."

ఆయన వెళ్ళిపోయాక చిన్నారి ఆ వైపు ఫొటోలు తెరిచింది. మూడో స్తంభం మొదట్లో ఎవరో ఒకావిడ శాలువా కప్పుకుని, స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది. మొహం నది వైపు తిరిగి ఉంది. మామూలే అనుకుని గీత గీయబోయింది. పక్కనే మెట్టు మీద నీలం గుడ్డ సంచీ ఉంది. దాని పట్టీ తెగితే బూటు లేసుతో ముడి వేసి ఉంది.

ఆ ముడి చిన్నారికి తెలుసు. ఆ సంచీ రోజూ వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడుతుంది.

ఇంకో ఫొటో తెరిచింది. మరో రోజుది. అదే స్తంభం, అదే సంచీ. ఈసారి మొహం ఇటు తిరిగి ఉంది. వదిన చెప్పులు విడిచి, ఒక కాలు మీదికి లాక్కుని అరికాలు వత్తుకుంటోంది.

ఆ తర్వాత చిన్నారి చేసిన పని తలుచుకుంటే చాలాకాలం వరకూ ఆమెకే సిగ్గేసేది. ఫొటోలన్నీ ఒక్కొక్కటీ పెద్దవి చేసి, వదిన పక్కన ఎవరైనా ఉన్నారేమోనని వెతికింది. మెట్ల చివర సిగరెట్ కాలుస్తున్న మనిషిని పట్టుకుని, అతను ఇటు చూస్తున్నాడా అని చాలాసేపు చూసింది. అతను మర్నాటి ఫొటోల్లో లేడు. ఎవరూ లేరు. వదిన ఎవరికోసమూ ఎదురుచూడటం లేదు. ఫోను మాట్లాడటం లేదు, ఏమీ తినటం లేదు, చదవటం లేదు. కొన్నిట్లో నదిని చూస్తోంది. చాలావాటిలో కళ్ళు మూసుకుని ఉంది. ఒక దాంట్లో తల స్తంభానికి వాలిపోయి, నోరు కొద్దిగా తెరుచుకుని ఆదమరిచి నిద్రపోతోంది. ఆమె పాదాల దగ్గర ఒక పావురం నిలబడి ఉంది.

ఇంట్లో వదిన నిద్రపోతుండగా చిన్నారి ఎప్పుడూ చూడలేదు. తను పడుకునేసరికి వదిన మెలకువగా ఉంటుంది, తను లేచేసరికి లేచి ఉంటుంది.

పని పనే కదా. గీతలు గీయాలి. వదిన నుదుటి మీదుగా, చెవి పక్కగా, ఒంగిన భుజం మీదుగా, మోకాలి మీదుగా, అరిగిన చెప్పుల చుట్టూ గీత గీసి కప్పేసింది. తర్వాతి ఫొటో. మళ్ళీ నుదురు, చెవి, భుజం. ఇన్నేళ్ళు ఒక ఇంట్లో ఉండి ఆ మొహాన్ని అంతసేపు చూడలేదు. కళ్ళ కింద గుంటలు అంత లోతుగా ఉన్నాయని కూడా తెలియదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, వంటింటి గుమ్మంలో నిలబడి ఉండబట్టలేక అడిగింది.

"క్లాసు ఎట్లా ఉంది వదినా?"

"ఆఁ, ఉంది" అంది వదిన గిన్నె తోముతూ. "కాలర్లు నేర్పిస్తున్నారు. చేతకావట్లేదు నాకు."

ఎంత తేలిగ్గా అనేసిందో! లోపలి గదిలోంచి అమ్మ పిలిచింది. వదిన చేతులు కడుక్కుని వెళ్ళింది. వెనక్కి వచ్చి గిన్నె అందుకుందో లేదో మళ్ళీ పిలిచింది. చిన్నారి అక్కడే నిలబడి, బహుశా మొట్టమొదటిసారి, ఆ పిలుపులు విన్నది. దిండు సర్దమని ఒకసారి, కిటికీ వేయమని ఒకసారి, ఆ కిటికీయే తీయమని ఇంకోసారి. అన్నయ్య షిఫ్టుకు బయల్దేరుతూ టిఫిను డబ్బా కోసం ఒకసారి. ఆఖరికి తను కూడా, ఆలోచనలో పడి, "వదినా, నా కళ్ళలో వేసుకునే మందు ఎక్కడుందీ?" అని పిలిచింది. పిలిచాక నాలుక కరుచుకుంది.

మాస్కులన్నీ పూర్తయ్యాక కణితి పోయింది గానీ దాని స్థానంలో కన్నం పడింది. వదిన వెనక ఉన్న రాయి ఒక్క ఫొటోలోనూ పూర్తిగా పడలేదు. ఎప్పుడు తీసినా ఆమె అక్కడే ఉంది మరి. స్తంభం మొదట్లో తీగ చెక్కడం ఉంది, అది కన్నం దగ్గర తెగిపోయి అటువైపు మళ్ళీ మొదలవుతోంది.

"ఊహించి పూడ్చడానికి వీల్లేదు" అన్నాడు పెద్దాయన. "మళ్ళీ వెళ్ళి ఆ ముక్క తీయాల్సిందే. వచ్చే వారం పరంజా కట్టేస్తారు, మెట్లకు అడ్డంగా రేకులు పెట్టేస్తారు. ఇక ఎవర్నీ రానివ్వరు. ఆ కూర్చునే ఆవిడ మళ్ళీ అక్కడే ఉంటే, కాపలావాడికి చెప్పి లేపించండి."

"నేను వెళ్తాను సార్" అంది చిన్నారి.

పెద్దాయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. ఆమె ఆఫీసు కుర్చీ వదిలి బయటి పనికి వెళ్తానన్నది అదే మొదటిసారి. "ఎండ తగిలితే కరిగిపోరుగా?" అని నవ్వి సరేనన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పొడుగాయనతో కలిసి వెళ్ళింది. మెట్ల కిందికి చేరేసరికే వదిన కనిపించింది. అదే చోటు. చిన్నారి పొడుగాయనను ఆపింది.

"మీరు కాసేపు టీ తాగి రండి. ఆవిడతో నేను మాట్లాడతాను."

"కసిరితే లేస్తుందిలెండి, ఎందుకంత మర్యాద?"

"మా వదినండీ ఆవిడ."

పొడుగాయన కెమెరా సంచీ భుజాన సర్దుకుని టీ కొట్టు వైపు నడిచాడు.

అడుగుల చప్పుడుకు వదిన కళ్ళు తెరిచింది. చిన్నారిని చూసి దిగ్గున లేచింది. శాలువా జారింది, చెప్పుల్లో కాళ్ళు దూరలేదు.

"క్లాసు తొందరగా వదిలేశారు చిన్నారీ. టీచరుకు ఒంట్లో బాలేదంట. దారిలో ఇట్లా ఒక్క నిమిషం..."

"కూర్చో వదినా."

"అమ్మకేమన్నా అయిందా?"

"ఏం కాలేదు. కూర్చో. నేను ఆఫీసు పని మీద వచ్చాను."

వదిన కూర్చుంది. చిన్నారి పక్కన కూర్చుంది. రాయి చల్లగా ఉంది, నది మీద నుంచి గాలి వస్తోంది. చిన్నారి ఉన్న సంగతి చెప్పింది, ఫొటోల్లో చూశానని. పక్కన ఎవరైనా ఉన్నారేమోనని వెతికిన సంగతి మాత్రం గొంతులోనే మింగేసింది.

వదిన చాలాసేపు తల వంచుకుని బూటు లేసు ముడిని వేళ్ళతో నలుపుతూ ఉండిపోయింది.

"నిజంగానే చేరాను" అంది చివరికి. "మొదట్లో వెళ్ళాను కూడా. అక్కడా టీచరు వెనక నుంచి పిలుస్తూనే ఉండేది, కుట్టు వంకరపోయింది, మళ్ళీ విప్పు, మళ్ళీ కుట్టు అని. ఒకరోజు వెళ్తూ వెళ్తూ ఇక్కడ కూర్చున్నాను. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలీదు. లేచేసరికి క్లాసు వదిలే వేళయింది. ఇక ఆ తర్వాత కాళ్ళే ఇటు లాక్కొచ్చేవి."

"మాకు చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? ఊరికే కూర్చోవడానికి పోతానని చెప్పనా? మీ అన్నయ్య ఏమంటాడో నాకు తెలుసు. కూర్చోవడానికి ఇంట్లో చోటు లేదా అంటాడు. పాపం, తప్పుగా అనడు. నిజంగానే అర్థం కాక అంటాడు." వదిన నది వైపు చూసింది. "అత్తయ్య మీద కోపం లేదు చిన్నారీ. ఆవిడా ఏం చేస్తుంది, కదల్లేదు. కానీ ఇక్కడ నన్ను ఎవరూ పిలవరు. ఆ ఒక్కదాని కోసమే వస్తాను."

ఓదార్చడం చిన్నారికి చేతకాదు. చేతనైనా, ఓదార్చే హక్కు తనకెక్కడిదని అనిపించింది.

"వదినా, వచ్చే వారం నుంచి ఇది మూసేస్తారు. మరమ్మతు. మేం ఫొటోలు తీసింది అందుకే."

వదిన తలెత్తి కమాను లోపలి వైపు చూసింది. తడి మరకలు రాతి మీద నల్లగా జారి ఉన్నాయి.

"ఎన్నాళ్ళు?"

"ఏడాది అంటున్నారు. అంతకంటే ఎక్కువే పట్టొచ్చు."

"అట్లాగా" అంది వదిన. కాసేపాగి, "మంచిదేలే. వానొస్తే ఇక్కడంతా కారుతుంది" అంది. అలా అంటున్నప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం సంచీని ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకున్నాయి.

పొడుగాయన తిరిగొచ్చాడు. వదిన లేచి, ఎవరి ఇంట్లోనో అడ్డం వచ్చినదానిలా నాలుగు మెట్లు కిందికి దిగి నిలబడింది. పొడుగాయన స్తంభం పక్కన కొలబద్దలు పెట్టాడు, గుర్తుల అట్టలు అంటించాడు. వంగి తీస్తూ, "నా నడుం కూడా ఒక కమానే, దీనికి మరమ్మతు ఎవరు చేస్తారో" అన్నాడు. పక్క నుంచి వెలుగు పడుతుంటే, "అమ్మా, ఈ తెల్ల గొడుగు కాస్త పట్టుకుంటారా?" అని వదినను అడిగాడు. వదిన గొడుగు పట్టుకుంది. ఇటు వంచమంటే ఇటు, అటు వంచమంటే అటు వంచింది. ఆమె వీపు ఆనీ ఆనీ ఆ చోట రాయి నున్నబడిందేమోనని చిన్నారి పరకాయించి చూసింది. అదేం లేదు. రాయి గరుకుగానే ఉంది.

తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. ఇల్లు దగ్గరపడుతుండగా వదిన, "నువ్వు ముందు స్టాపులో దిగు. కలిసి వెళ్తే అత్తయ్య ఆరా తీస్తుంది" అంది. చిన్నారి దిగి, చిన్నపిల్లలా వీధులన్నీ చుట్టి ఇంటికి వెళ్ళింది. దారి పొడుగునా నవ్వొచ్చింది. గుమ్మం దగ్గరకొచ్చేసరికి ఆ నవ్వు ఎటుపోయిందో పోయింది.

రేకులు పెట్టేశారు. క్లాసు మూసేశారని వదిన ఇంట్లో చెప్పింది.

"పీడా పోయింది" అంది అమ్మ. పక్కింటి పిన్నిగారు రావడం మానేసింది.

ఇక్కడ చిన్నారిని వెనకేసుకు రావడానికేమీ లేదు. తెలిసి కూడా ఆమె ఏమీ చేయలేదు. సుంకం మేడ మోడలు అప్పజెప్పాలి, దాని వెనకే ఇంకో పాత వంతెన ఫొటోలు వచ్చి పడ్డాయి. రేపు మాట్లాడదాం, అన్నయ్య సెలవు రోజున మాట్లాడదాం అనుకుంటూ వచ్చింది. ఇంటికి చేరేసరికి నోరు విప్పే ఓపిక ఉండేది కాదు. ఈలోగా వదిన పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం మొదలైంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేది. ఒకసారి గోడకు ఆనుకుని నిలబడే కునికింది.

చివరికి ఒక సెలవు రోజు పొద్దున జరగవలసింది జరిగింది. మంచం మీది నుంచి కుర్చీలోకి దించుతుండగా వదిన చేతులు పట్టు తప్పాయి. అమ్మ జారి నేల మీద కూలబడింది. పెద్ద దెబ్బేం తగల్లేదు, మోచెయ్యి చర్మం కాస్త గీసుకుపోయింది. కానీ కేకలకు ఇల్లంతా దద్దరిల్లింది. అన్నయ్య, చిన్నారి పరుగెత్తుకొచ్చి అమ్మను లేపి మంచం మీద పడుకోబెట్టారు.

"ధ్యాస ఎక్కడ పెట్టుకున్నావ్?" అన్నాడు అన్నయ్య. "ఎముక విరిగితే ఏం చేసేవాళ్ళం?"

వదిన గోడ దగ్గర నిలబడి ఉంది. ఏడవటం లేదు. ఫొటోలో నది వైపు చూస్తున్నప్పటి మొహమే అది.

"ధ్యాస కాదన్నయ్యా" అంది చిన్నారి. "నిద్ర."

"ఏంటీ?"

"వదిన నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసా? నాకూ తెలీదు. మనమిద్దరం అలిసిపోయామని వచ్చి పడుకుంటాం. ఆవిడ ఎక్కడికొచ్చి పడుకోవాలి?"

"నేనేమన్నా వద్దన్నానా? పడుకోవచ్చుగా ఇంట్లో!"

వదిన చటుక్కున చిన్నారి వైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి నవ్వు రాబోయి ఆగింది. అన్నయ్యకు అది అర్థంకాక ఇంకా కోపమొచ్చింది.

"ఎట్లా పడుకుంటుంది? పిలుస్తాం కదా" అంది చిన్నారి. "అమ్మ పిలుస్తుంది, నువ్వు పిలుస్తావ్, నేను పిలుస్తాను. నిన్న సాయంత్రం నువ్వు సాక్సులు ఎక్కడున్నాయని పిలిచావ్. అవి నీ చేతిలోనే ఉన్నాయి."

అన్నయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు.

"ఆఫీసులో అడుగుతాను" అంది చిన్నారి. "మధ్యాహ్నాలు ఇంటి నుంచి చేసుకోనిస్తారు. నా పనికి కంప్యూటరుంటే చాలు. అమ్మ దగ్గర నేనుంటాను. నీకు పగలు సెలవున్న రోజు నువ్వుండాలి."

"నాకు చేతకాదే, ఆ బట్టలు మార్చడాలూ అవీ..."

"నాకు మాత్రం చేతనవునా? నేర్చుకుందాం."

మంచం మీద నుంచి అమ్మ గొంతు వినిపించింది. "నన్ను ముగ్గురు పంచుకుంటున్నారా? బాగుంది." ఆవిడ కప్పు వైపు చూసింది. కాసేపటికి, "కోడలా, చెయ్యి గీసుకుంది, మందు రాయి" అని, వదిన కదిలేలోపే, "నువ్వు కాదులే. చిన్నదాన్ని రాయమను" అంది.

పెద్దాయన కొంత నసిగాడు గానీ ఒప్పుకున్నాడు. అలా ఒక మధ్యాహ్నం చిన్నారి కంప్యూటరు పట్టుకుని అమ్మ గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుంది. వదినను తన గదిలోకి పంపి తలుపు దగ్గరగా వేసింది. కాసేపయ్యాక ఆ తలుపు తెరుచుకుంది.

"నిద్ర పట్టట్లేదు" అంది వదిన గుమ్మంలో నిలబడి. "ఇప్పుడు పిలుస్తారు, ఇప్పుడు పిలుస్తారు అని వింటూ పడుకున్నాను. ఎవరూ పిలవట్లేదు. అయినా వింటూనే ఉన్నాను."

ఆమె చెప్పులు వేసుకుంది. శాలువా భుజాన వేసుకుంది.

"ఎక్కడికి?" అంది అమ్మ.

వదిన శాలువా సర్దుకుంది. క్లాసని చెప్పలేదు, కొట్టుకని చెప్పలేదు.

"ఊరికే అత్తయ్యా."

"ఊరికేనా!" అంది అమ్మ. ఆ మాటను నోట్లో అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నట్టు కాసేపు పెదవులు కదిపింది. "ఊరికే పోయేటప్పుడు ఎప్పుడొస్తారంట?"

"చీకటి పడేలోపు వస్తాను."

తలుపు మూసుకుంది. గదిలో కంప్యూటరు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చిన్నారి వంతెన మీద కూర్చున్న ఒక ముసలాయన చుట్టూ గీత మొదలుపెట్టి, సగంలో వదిలేసి, కిటికీలోంచి చూసింది. వదిన వీధి చివర నిలబడి ఉంది. కుడి వైపు వెళ్తే బస్సు, నది. అక్కడ ఇప్పుడు రేకులు తప్ప ఏం లేవు. ఎడమ వైపు ఏముందో చిన్నారికీ సరిగ్గా తెలియదు. ఏదో బడి, ఆ వెనక కొత్తగా వేసిన రోడ్డు. వదిన అటు చూసి, ఇటు చూసి, ఎడమ వైపు తిరిగింది.

"చిన్నదానా" అని పిలిచింది అమ్మ. "నడుం కిందంతా మంట. కాస్త ఇటు తిప్పు."

చిన్నారి లేచింది. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టి లాగింది. అమ్మ ఇంత బరువుంటుందని ఆమె అనుకోలేదు. భుజం కలుక్కుమంది. సగం తిరిగి అమ్మ మళ్ళీ వెల్లకిలా పడింది.

"అట్లా కాదే. ముందు మోకాలు మడవాలి. దాన్ని అడిగి తెలుసుకోకపోయావా?"

"వచ్చాక అడుగుతాలే అమ్మా" అని చిన్నారి ఊపిరి పీల్చుకుని, ఈసారి మోకాలు మడిచి, మళ్ళీ పట్టుకుంది.